ఉమ్మడి బీరువాలో నోట్సు

కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు తన నోట్సును ఇరవై ఏళ్లుగా ఎవరి కంటా పడనివ్వలేదు. క్లాసవగానే సంచిలో పెట్టి, జిప్పు లాగి, మళ్లీ ఓసారి తడిమి చూసుకునేవారు. ఇకపై అందరి నోట్సూ ఉమ్మడి బీరువాలో ఉండాలని ప్రిన్సిపాల్ చెప్పడంతో ఆయనకూ పెట్టక తప్పలేదు. ఆ రోజంతా ఏదో వంకతో బీరువా చుట్టూనే తిరిగారు. సాయంత్రం స్టాఫ్ రూములో, కొత్తగా చేరిన లెక్చరర్ ఆ నోట్సు పట్టుకుని ఎదురొచ్చింది.

"మాస్టారూ, ఈ సిద్ధాంతం పక్కన పెన్సిల్‌తో 'ఇది నాకే సరిగ్గా అర్థం కాలేదు' అని రాసుకున్నారు."

ఆయన చెరపడం మరిచిపోయిన మాట అది.

"నాకూ అంతేనండీ. రేపు క్లాసులో చెప్పాలి. ఎవర్నడగాలో తెలీక రెండ్రోజులుగా నిద్ర లేదు."

గదిలో ఇంకా నలుగురున్నారు. ఆయన వాళ్లవైపు ఓసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నేనైతే ఏటా దీన్ని దాటేస్తానమ్మా. ఈసారి ఇద్దరం కలిసి చూద్దాం" అన్నారు, గొంతు తగ్గించకుండానే.