ఇల్లరికం వచ్చిన మాట

మా మామ పోయారన్న కబురు నాకు ఖమ్మం మిర్చి యార్డులో అందింది. నా బస్తాలు కాటా మీదికి ఎక్కుతున్నాయి. నా భార్య ఫోన్ చేసి, "నాయన పోయిండు, జల్దీ రా" అని పెట్టేసింది. నేను ఫోన్ జేబులో వేసుకుని తూకం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. పక్కనున్న రైతు నా ముఖం చూసి, "ఏంది, ఇంటి కాడ అంత మంచిదేనా?" అని అడిగాడు. మంచిదే అన్నట్టు తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు. నాకు మాట చప్పున రాదు. నెమ్మదస్తుడని ఊళ్ళో అంటారు. ఆ నెమ్మదితనం నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెప్పకుండా మా మామ గురించి రాయలేను.

ఆయన ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు సారుగా చేసి రిటైరయ్యారు. కొత్తగూడెం దాటి భద్రాచలం దారిలో పోతే, అడవి మొదలయ్యే చోట మా ఊరు. నిజానికి అది ఆయన ఊరు. నాది ముదిగొండ వైపు. ఆయనకు ఒక్కతే కూతురు, అందుకని నేను ఇల్లరికం వచ్చాను. ఆరో తరగతిలో బడి మానినవాడు ఇంగ్లీషు సారు ఇంటికి అల్లుడు కావడం కొందరికి నవ్వులాటగా ఉండేది. టీ కొట్టు దగ్గర నన్ను చూస్తే చాలు, "ఏందల్లుడూ, మీ అత్తగారింటి ఎడ్లు నీ మాట ఇంటున్నయా, ఇంగ్లీషుల అదిలించాల్నా?" అనేవాళ్ళు. నేనూ నవ్వి, టీ తాగి వచ్చేసేవాణ్ణి. ఆ మాట మాత్రం నాతోనే ఇంటికి వచ్చేది.

చదవడం, రాయడం, లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవే. రోజూ పొద్దుగూకాక వరండాలో కూర్చుని ఆనాటి ఖర్చూ రాబడీ రాసుకోవడం నాకు అలవాటు. ఇంగ్లీషు ఒక్కటే పట్టుబడలేదు. పురుగుమందు డబ్బా మీద ఏం రాసి ఉందో కొట్టువాడు చెప్పిందే నమ్మాలి. ఒకరోజు కలుపు మందు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే మామ కంట పడ్డాను. ఆయన ఆ రోజే సాయంత్రం నేను లెక్క రాసుకునే చోట, వరండా బండ మీద, సుద్దముక్కతో నాలుగు మాటలు రాశారు.

"సీడ్ అంటే విత్తనం. వీడ్ అంటే కలుపు. ఫీడ్ అంటే మేత. నీడ్ అంటే అవసరం. చదువు అల్లుడూ, నాలుగింటికీ తోక ఒకటే."

చిన్నపిల్లాడిలా చదవడానికి నాకు సిగ్గేసింది. ఆయనే ఒకసారి చదివి, "విత్తనం, కలుపు ఒకే ఇంట్ల పుట్టినయి సూడు. అందుకే రెండూ ఒకటే నీళ్ళు తాగుతయి" అన్నారు.

అట్లా మొదలైంది. మర్నాడు రెయిన్ వచ్చింది, వెనకే గ్రెయిన్, డ్రెయిన్, పెయిన్, గెయిన్ వచ్చాయి. వాన, ధాన్యం, మురుగు కాలువ, నొప్పి, లాభం.

"వాన పదునుగ పడితే గ్రెయిన్. ఎక్కువ పడితే డ్రెయిన్. అసలుకే పడకపోతే పెయిన్."

"మరి గెయినో మామా?"

"అది యార్డు కాడ కమీషన్ దుకాణపాయన్ని అడుగు."

ఆయన ఎదుట నేను పైకి నవ్వింది అదే మొదటిసారి.

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. రిటైరయినా అది పోలేదు. జేబు అడుగు తెల్లగా పిండి పట్టి ఉండేది, నా భార్య ఉతికేటప్పుడు విసుక్కునేది. బండ మీద రాసిన మాటను ఎవరూ తొక్కకూడదు, చదవకుండా తుడవకూడదు. "పలికినాకనే తుడవాలె" అనేవారు. నేను సణిగినట్టు పలికితే తువ్వాలు అంచు పట్టుకుని, మళ్ళీ గట్టిగా పలికేదాకా అట్లాగే కూర్చునేవారు.

ఈ పద్ధతి తన సొంతం కాదని ఆయనే చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు హెన్, పెన్, టెన్ అని బోర్డు మీద రాస్తే ఒక కోయ పిల్ల లేచి, "ఇవన్నీ ఒకే గట్టు సారూ" అన్నదట. కోయవాళ్ళలో గట్టు అంటే మన గోత్రం లాంటిది. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల వరస, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు కుదరవు. ఆనాటి నుంచి ఆయన క్లాసులో ఒక్కొక్కరికీ ఒక మాట ఇచ్చి, ఒకే తోక మాటలవాళ్ళను ఒక గట్టు చేసి, గట్టు పేరు పిలిచేవారు. ఆ గట్టువాళ్ళంతా లేచి, ఎవరి మాట వాళ్ళు పలికి, అర్థం చెప్పి కూర్చోవాలి.

ఆ క్లాసులో చదివిన ఒకతను ఇప్పుడు మా ఊళ్ళోనే ట్రాక్టరు నడుపుతాడు. అతని మాట రన్. ఈనాటికీ తోటివాళ్ళు అతన్ని రన్ అనే పిలుస్తారు. "రోజూ బడి నుంచి ఉరికిపోయేటోణ్ణి గదన్నా, అందుకే సారు నాకా మాట ఇచ్చిండు" అని చెప్తాడు. "మా గట్టుల బన్ ఒకడు, గన్ ఒకడు, ఫన్ ఒక పిల్ల. పెద్దయినాక నేను ఫన్‌నే చేసుకుంటనని బన్‌గాడు అన్నడు. క్లాసంత లేచింది. ఒకే గట్టుల పెండ్లేందిర సిగ్గులేనోడా అని. సారు కుర్చీల కూసోని కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు."

ఆ గట్టు మాటలే ఒక సాయంత్రం నా ముందుకు వచ్చాయి. రన్, బన్, గన్, ఫన్ అని రాసి అర్థాలు చెప్పి, కింద మామ ఇంకో మాట రాశారు.

"దీని రాత వేరు. నడుమ అక్షరం ఈ ఇంటిది కాదు. అయినా ఈ గట్టులనే నిలబెట్టాలె. దీన్ని నేను పిల్లలకి ఇల్లరికం వచ్చిన మాట అని చెప్పేటోణ్ణి."

నా చెయ్యి లెక్క మీద ఆగిపోయింది. టీ కొట్టు మా వరండాలోకి వచ్చినట్టయింది. లేచి కొట్టం వైపు పోయాను. ఆ తరవాత లెక్క లోపలి గదిలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన పిలవలేదు. వరండా బండ చాలా రోజులు నల్లగానే ఉంది.

మిరప కోతలు వచ్చాయి. కళ్ళంలో కూర్చుని తెల్లబడ్డ తాలుకాయ ఏరుతున్నాను. మామ వచ్చి, తువ్వాలు పరుచుకుని, నా పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టారు. ఆ ఘాటు ఆయనకు పడదు. దగ్గుతూనే ఏరారు.

"ఆనాడు మాట సగమే ఇని లేచినవు అల్లుడూ."

నేను ఇంకో తాలుకాయ ఏరి పక్కన పడేశాను.

"అది సన్. అంటే కొడుకు."

చేతిలో కాయ ఎర్రదో తెల్లదో నాకు కనిపించలేదు.

"రాత ఎట్లన్న ఉండనీ. కమ్ అంటే రా. హోమ్ అంటే ఇల్లు. రాస్తే రెండూ అన్నదమ్ములే. పలికితే ఒకడు ఇటు పోతడు, ఒకడు అటు పోతడు. పిలిస్తే పలికేదే మనది."

అప్పుడు నేనేమైనా అని ఉండాల్సింది. "ఘాటుకు దగ్గొస్తది మామా, నీడకు పోండ్రి" అన్నాను. "అవ్, పోతా" అన్నారు. పోలేదు. కుప్ప అయ్యేదాకా నాతోపాటే ఏరారు. ఆ సాయంత్రం నేను లెక్క మళ్ళీ వరండాలో రాసుకున్నాను.

కృతజ్ఞత చెప్పడం నాకు చేతకాలేదు. చేతనైంది ఒక్కటే. రోజూ రాత్రి కంచాలు పెట్టగానే, "మామా, అన్నానికి రాండ్రి" అని నేనే పిలిచేవాణ్ణి. పెరట్లో ఉన్నా, వీధిలో ఉన్నా "ఆఁ" అని పలికేవారు. మంచం పట్టాక కూడా, తినలేకపోయినా, ఆ పలుకు మాత్రం వచ్చేది. పోయిన వానాకాలం ఒకరోజు అన్నం కలుపుతుంటే, "నాకు కొరివి నువ్వే పెట్టాలె" అన్నారు. "ఇప్పుడెందుకు మామా ఆ మాట" అన్నాను. నేను సరే అనలేదు, కాదనలేదు.

నేను యార్డు నుంచి చేరేసరికి వాకిట్లో జనం నిండారు. మామ తమ్ముడి కొడుకు కారులో వచ్చి ఉన్నాడు. కొరివి ఎవరు పెడతారని ఊరి పెద్దమనిషి అడిగాడు. "ఇంటిపేరోళ్ళు ఉండంగ అల్లుడెట్ల పెడతడు?" అని ఎవరో అన్నారు.

"నాయన ఈయన్నే పెట్టుమన్నడు" అంది నా భార్య.

అందరూ నా వైపు తిరిగారు. "అవునా అల్లుడూ?"

అవును అంటే చాలు. పొలమూ ఇల్లూ చాలక దీనికీ ముందుకొచ్చాడంటారని నా లోపల టీ కొట్టు మాట్లాడింది. తల దించుకున్నాను. ఆ తమ్ముడి కొడుకు చెడ్డవాడు కాదు. దగ్గరికి వచ్చి, "బావా, నువ్వు పెడతానంటే నాకేం లేదు" అని మెల్లగా అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నిప్పు కుండ అతను పట్టుకున్నాడు.

ఊరు దాటి మెట్ట చెలకలు మొదలయ్యే చోట పాడె దించారు. దింపుడు కళ్ళం. ఇంకా ప్రాణం ఉంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. తమ్ముడి కొడుకు వంగి, "పెదనాయనా" అని పిలిచాడు. మూడుసార్లూ అయ్యాక పెద్దమనిషి చుట్టూ చూశాడు.

"అల్లుడేడి? రోజూ అన్నం పెట్టినోడు, ఆయన గూడ పిలవనీ. అల్లుడూ. ఓ అల్లుడూ."

నేను జనం వెనకాల ఉన్నాను. చొక్కాకు ఇంకా యార్డు మిరపపొడి ఉంది. నాకు స్పష్టంగా వినిపించింది. పలకలేదు. కాసేపు చూసి పాడె లేపారు. పిలిస్తే పలికేదే మనది అన్న మనిషిని మోసుకుపోతుంటే, పిలిస్తే పలకని నేను వెనక నడిచాను.

నా భార్య పదకొండో రోజు పని అయిపోయి, చుట్టాలు వెళ్ళాక, కంచం నా ముందు పెడుతూ ఒక్క మాట అంది. "నువ్వు పిలిస్తే నాయన ఎన్నడన్న పలకకుంట ఉన్నడా?"

మర్నాడు పొద్దున్నే ఆ దింపుడు కళ్ళం చోటికి పోయాను. పిట్టలు తినగా మిగిలిన పేలాలు కొన్ని మట్టిలో ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. అయినా పిలవలేకపోయాను. ఇంతలో వెనక నుంచి మిర్చి బస్తాలతో ట్రాక్టరు వస్తున్న చప్పుడు వినిపించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ చప్పుడు నాకు ధైర్యమిచ్చింది. అందులో నా మాట ఎవరికీ వినిపించదు. అది బాగా దగ్గరికి వచ్చినప్పుడు, "మామా, అన్నానికి రాండ్రి" అన్నాను.

ట్రాక్టరు ఆగింది. పైన రన్.

"ఏందన్నా, ఎవర్నో పిలుస్తున్నవు?"

ఏమీ లేదనబోయాను. "మామని" అన్నాను.

అతను నన్ను చూశాడు, నేను నిలబడ్డ చోటు చూశాడు. ఆ రోజు పాడె మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు పోగానే అడవి అంచున ఎండుటాకులు కదలడం కూడా వినిపించింది.

"మల్ల పిలువన్నా" అన్నాడు. "ఇప్పుడు ఇనబడ్తది."