పగడం మావ ఊపిరి

2023 వానాకాలం. విశాఖలో పోర్టుకి పోయే రోడ్డు మీద, ఒక మేడ పైనున్న చిన్న రికార్డింగ్ స్టూడియోలో నేను సౌండ్ ఎడిటర్‌ని. ఫోన్లో వినే కథలు తయారుచేస్తాం. చదివేవాళ్లు అద్దానికి అటువైపు, నేను హెడ్‌ఫోన్స్‌తో ఇటువైపు. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ అద్దం ఎంతో హాయి. ఓడ కూత వేస్తే రికార్డింగ్ ఆగేది. ఆ కూత వానలో కరిగిపోయేదాకా కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని.

అప్పుడు వచ్చింది రత్నం. భీమిలిలో చేపల వేటకెళ్లే కుటుంబం, డిగ్రీ చదువుతోంది. తాను రాసిన కథని తానే చదివింది. సముద్రం అడుగున ఒక పట్నం. అక్కడివాళ్లకి ఊపిరితో పనిలేదు. వీధి దీపాలు వెలిగించే అవ్వని ఎవరో చంపేస్తారు. దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతుంటాయి. చివరిది ఆరేలోగా ముత్యాలు అనే పదహారేళ్ల పిల్ల హంతకుణ్ణి పట్టుకోవాలి. రత్నం చదువుతుంటే మా గదిలోకి నీలం నీళ్లు మెల్లగా ఎక్కుతున్నట్టు ఉండేది. ఇంటికెళ్లి డైరీలో ఆ పట్నం వీధులు రాసుకునేదాన్ని.

ఇలాంటి కథకి పేసింగ్ ప్రాణం. అంటే నడక వేగం. అందుకే మా దగ్గర ఫైలు రాగానే ముందు 'డీబ్రెత్' నడపడం రివాజు. మాటల మధ్య ఊపిరి చప్పుళ్లని సాఫ్ట్‌వేర్ తుడిచేసి ఖాళీలు కుదిస్తుంది. రత్నం కథకీ అదే జరిగింది. కథ పరుగందుకుంది.

విడుదలకి ముందు కొందరికి వినిపించాం. అందరిదీ ఒకే ఫిర్యాదు: ఊరందరికీ మంచివాడైన పగడం మావని చివర్లో ఉన్నట్టుండి హంతకుడనేశారు, ఇది మోసం.

మా యజమాని సూర్యం గారు రత్నాన్ని పిలిచారు. "ఏటమ్మా ఇది? ఒక్క ఆనవాలైనా లేకుండా పట్టేస్తే ఎలాగ?"

"ఆనవాలు పెట్టేను సార్. ఇంటే తెలుత్తాది."

"విన్నోళ్లకే కదమ్మా తెలీలేదు! ముగింపు ఇంకొకరిచేత రాయించేస్తాను."

రత్నం బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నేను టీ తీసుకెళ్లాను.

"సివర ఇంకొకలు రాత్తే అది నా కత కాదక్కా. తీసీమను, వొద్దు."

"ఆనవాలు ఎక్కడ పెట్టావు?"

"పగడం మావ ఒడ్డు మనిసి. దీపాల్లో గాలి దొంగిలించి బతుకుతన్నాడు. అవ్వ సూసీసింది, సంపీసినాడు. ఆడొక్కడే మాటకి ముందు ఊపిరి తీత్తాడు. మిగతావోళ్ల మాటలకి నాను మొకం పక్కకి తిప్పి తీసేను, ఇనిపించకుండా. నువ్వు ఇన్నేదా?"

మా డీబ్రెత్ తుడిచేసింది ఆ ఊపిర్లనే.

"మా ఒడ్డున ఎవులినైనా నీటిలోంచి లాగితే మాయమ్మ అందర్నీ నోరు మూయమంటాది. ముక్కుకాడ సెవెట్టి ఇంటాది. అక్కణ్ణించొచ్చింది నా కత."

లోపలికి పరుగెత్తి తుడవని ఫైలు తెరిచాను. ఉంది. పగడం మావ నవ్వుతూ ఓదార్చే ప్రతి మాటకీ ముందు, ఇసుక మీంచి కెరటం వెనక్కి జారినట్టు ఒక చిన్న ఊపిరి. కథ వేగాన్ని ముట్టుకోకుండా ఆ ఊపిర్లను మాత్రం వెనక్కి తెచ్చి పెట్టాను.

సూర్యం గారి గదిలోకి వెళ్లాను, రత్నం గుమ్మం దగ్గరే నిలబడింది. హెడ్‌ఫోన్స్ ఆయన ముందు పెట్టాను. కాసేపు విని, గభాల్న వెనక్కి తిరిగి చూశారు. "ఎవడో నా భుజం దగ్గర ఊపిరి పీలుస్తున్నాడే!"

"హంతకుడండి," అన్నాను. "ముగింపు మార్చకండి. అది రత్నానిది."

"నీకు మాటలొచ్చా అమ్మా!" అని నవ్వి, "సరే, ఆ పిల్లదే ఉంచు," అన్నారు.

ఇప్పుడు ఏ ఫైలొచ్చినా ముందు ఆసాంతం వింటాను. ఎవరి ఊపిరి ఎందుకుందో తెలిశాకే కత్తెర పడుతుంది. అలా వింటే పని ఆలస్యమే. కథలు మాత్రం ఇంకా చురుగ్గా పరుగెడుతున్నాయి.

సూర్యం గారు ఒప్పుకున్న రోజు సాయంత్రం బస్సెక్కబోతూ రత్నం నన్ను ఆటపట్టించింది. "సార్‌తో మాటాడే ముందు నువ్వు తీసిన ఊపిరి గుమ్మంకాడికి ఇనిపించిందక్కా. నువ్వూ ఒడ్డు మనిసివే!"