అమ్మ మళ్లీ పాడమన్న పాట

ఎనభైల నడుమ మేము డెట్రాయిట్ శివారులో ఉండేవాళ్లం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఊళ్లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. అక్కడ నాతో పనిచేసే నల్లజాతి అమ్మాయితో స్నేహం కుదిరి, ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లొచ్చాక భోజనానికి పిలిచాను. ఆమెను తీసుకెళ్లడానికి తమ్ముడు వచ్చాడు. ఫర్నిచర్ దుకాణంలో వ్యాను నడిపే పాతికేళ్ల మనిషి. అతనికీ వడ్డించాను. కోడికూర కారానికి కళ్లు తుడుచుకుంటూనే మారు వేయించుకున్నాడు.

వాళ్ల కారు మా వీధి మలుపు తిరగకముందే పోలీసులు ఆపారు. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాం. అతన్ని కిందికి లాగి, కారు మీదికి తోసి, చెయ్యి వెనక్కి విరిచారు. మావారు పరుగెత్తుకెళ్లి, వాళ్లు మా ఇంటికి వచ్చినవాళ్లని చెప్పారు. లోపలికి పొమ్మని గద్దించినా కదల్లేదు. చివరికి దొంగ కారనుకున్నామని చెప్పి పోలీసులు వెళ్లిపోయారు. అప్పటికే అతని మణికట్టు విరిగింది.

అతను ఫిర్యాదు ఇచ్చాడు. మావారు సాక్ష్యం చెబుతానన్నారు. ఆఫీసులో ఒక తెలుగాయన, గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు కదా, మనకెందుకని వారించాడట.

"మనింట్లో అన్నం తిని వెళ్లిన మనిషండీ," అన్నారట ఈయన.

సాక్ష్యం చెప్పారు. అయినా విచారణ చేసినవాళ్లు పోలీసుల తప్పేమీ లేదని తేల్చేశారు.

ఆ తర్వాతే అతను ర్యాప్ రాయడం మొదలుపెట్టాడని వాళ్లక్క చెప్పింది. చర్చి క్వయర్‌లో పాడే వాళ్లమ్మకు ఆ సంగీతం గిట్టదు. రాగం లేని రొద అనేదట.

వేసవిలో వాళ్ల వీధివాళ్లంతా కలిసి చేసుకునే పార్టీకి మమ్మల్నీ పిలిచారు. ఇంట్లోంచి వైరు లాగి రోడ్డు మీద స్పీకర్లు పెట్టారు. అతని స్నేహితుడు తాళం పుట్టేలా రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే, అతను మైకు అందుకున్నాడు. ఆ వేగంలో సగం మాటలు నాకు అందలేదు. లైసెన్సు అడగకముందే మెడ మీద పడిన చెయ్యి గురించి చెప్పాడు. పేరైనా అడగలేదేమని నిలదీశాడు. ఎముక విరిగినప్పుడు అమ్మను పిలిచానన్నాడు. తిట్టు ఒక్కటీ లేదు. పేరైనా అడగలేదేమనే పంక్తి మళ్లీ వచ్చేసరికి వీధంతా గొంతు కలిపింది.

పాట అయ్యాక వాళ్లమ్మ లేచి అతని దగ్గరికి వెళ్లింది.

"నన్ను పిలిచావా?"

"పిలిచానమ్మా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పాలో తెలియలేదు. ఇలా అయితే వచ్చింది."

ఆమె అతని మణికట్టు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి మా పక్కనే కూర్చుని, మళ్లీ పాడమంది. ఈసారి నెమ్మదిగా పాడాలట, ప్రతి మాటా వినాలట. అతను అలాగే పాడాడు.

ఆ కేసు మళ్లీ ఎవరూ తెరవలేదు. చలి మొదలయ్యాక వాళ్ల చర్చిలో పోలీసుల దౌర్జన్యం మీద సభ పెట్టారు. ముందు ఆ పాటే పాడించాలని పాస్టరుగారి దగ్గర పట్టుబట్టింది వాళ్లమ్మే.