పాత కట్టె మీద కొత్త కట్టె

మా కనగానపల్లి దిక్కు పిల్లనిచ్చేవాళ్ళు వచ్చి ముందు వామిదొడ్డి చూస్తారు, పిల్లగాణ్ణి తర్వాత చూస్తారు. వామి పెద్దదయితే ఎద్దులకు మేత ఉన్నట్టు, ఎద్దులకు మేతుంటే సేద్యం నడుస్తున్నట్టు. తొంభైల్లో అన్నకు సంబంధాలు చూసేటప్పుడు నాయనకు పట్టిన పిచ్చి ఇదే.

ఆ ముందటేడు పంట బాగా పండి వేరుశనగ కట్టె, అంటే కాయలు తెంపేశాక మేతకు దాచే ఎండు చెట్లు, మిగిలింది. మామూలుగా అయితే అట్లా మిగిలింది లేనివాళ్ళకు తలా ఒక మోపు ఇచ్చి, దొడ్డి ఊడ్చి, కొత్త వామి వేస్తారు. నాయన ఎవరికీ పుల్ల కూడా ఇవ్వలేదు. ఎత్తు కనపడాలని పాతదాని మీదే కొత్త కట్టె వేయించాడు. అదైనా ఎండిందా? పెళ్ళివాళ్ళు వస్తామన్న వారమే ముసురు పట్టింది.

"కట్టె ఇంకా పచ్చిగా ఉండాది నాయనా. రొంత ఆరనీ" అన్నాను.

"వాళ్ళొచ్చే పొద్దుకు వామి నిలబడల్ల. నువ్వు పోయి నీ పని చూసుకో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏం లాభం, ఆయన అప్పటికే పైకెక్కి తొక్కుతున్నాడు. వచ్చినవాళ్ళు దొడ్డి చూసి మురిసిపోయారు. సంబంధం కుదిరింది, వదిన ఇంటికొచ్చింది.

ఎండాకాలం వామి విప్పాము. మొదటి మోపు లాగింది వదినే. పైనుంచి చెమ్మ దిగి, కింది పాత కట్టెతో సహా లోపలంతా నల్లగా మాగిపోయి, బూజు కంపు గుప్పున కొట్టింది. కర్రెద్దు మూతి పెట్టి వాసన చూసి తల తిప్పేసుకుంది. ఆ ఎద్దుల జతను నాయన లేగలప్పటి నుంచి సాకాడు. వాటి మీద ఏనాడూ చెర్నాకోల ఎత్తి ఎరగడు. ఇప్పుడు వాటి డొక్కలు లోపలికి పోతుంటే, మిగిలినప్పుడు ఎవరికీ ఇవ్వని మనిషి ఎవరి దొడ్డికని పోయి అడుగుతాడు? బూజు కట్టెను మేము దినామూ పెంటదిబ్బకు మోశాము. వదిన కూడా మాతోపాటే మోసింది. తను మమ్మల్ని తిట్టి ఉంటేనే బాగుండేదని నాకు అనిపించేది.

సంగతి తెలిసి వదిన వాళ్ళ నాయన వచ్చాడు.

"నా కాడ మేత ఉండాది బావా. ఎద్దులను వానలు పడేదాకా మేపి తోలకొస్తా" అన్నాడు.

వామి చూసి పిల్లనిచ్చిన మనిషి దగ్గర ఆ సాయం తీసుకోవడానికి నాయనకు మొహం చెల్లలేదు. అమ్మకమైతేనే తోలకపో అని పట్టుబట్టి అమ్మేశాడు.

మరుసటేడు కట్టె గలగలమనేలా ఎండింది. తినడానికి కొట్టంలో ఎద్దులు లేవు. బండి కట్టుకొచ్చి ఆ కట్టె తోలకపొమ్మని నాయన వియ్యంకుడికి కబురు పెట్టాడు. ఆయన మా ఎద్దులనే కట్టుకొచ్చాడు. కాడి దించగానే అవి నేరుగా కొట్టంలోకి పోయి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"ఈడనే ఉండనీ బావా" అన్నాడు ఆయన.

"అమ్మినాక నావెట్లయితాయి?" అని నాయన గాడి నిండా మంచి కట్టె వేశాడు. అవి తిన్నంతసేపూ గంగడోళ్ళు నిమురుతూ పక్కనే ఉన్నాడు. తర్వాత బండి నింపి, తానే కాడి కట్టాడు. కర్రెద్దు వాకిట్లోంచి కదలనంది. నాయన వియ్యంకుడి చేతిలోంచి చెర్నాకోల తీసుకుని దాన్ని కొట్టాడు.