ఇంటికి పన్నెండు నిమిషాలు

లైసెన్సుల విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న ఆవిడను ఆఫీసులో అందరూ అనుమానం అక్కయ్య అనేవారు. ముఖం మీద కాదులెండి. పాలలో నీళ్ళెన్ని అని అడిగేవాళ్ళను చూశాం గానీ, మా ఆవిడ నీళ్ళలో నీళ్ళెన్ని అని అడిగే రకం అని సొంత మొగుడే నలుగురిలో అనేవాడు. ఆవిడ నవ్వేది కాదు. ఈయనకు ఈ మాట ఎవరు నేర్పారా అని ఆలోచించేది.

ఇంటిని గదులుగా విడగొట్టి, గదికొకరికి అద్దెకిచ్చి, వంటగదీ స్నానాలగదీ ఉమ్మడిగా వాడుకోమంటారు చూడండి, అలాంటి ఇళ్ళకు మున్సిపాలిటీ లైసెన్సు ఉండాలి. ఫీజు ఎంతన్నది కౌన్సిల్ తేలుస్తుంది. నియమం మాత్రం ఒకటుంది. తనిఖీకి ఎంత ఖర్చవుతుందో అంతే పుచ్చుకోవాలి, పైన పైసా కూడదు. అందుకని ఐదేళ్ళకోసారి ఎవరో ఒకరు ఇన్‌స్పెక్టరు వెంట తిరిగి, ఇంటికెన్ని నిమిషాలు పడుతుందో రాసుకురావాలి. ఆ నిమిషాలను బట్టి ఫీజు. ఇన్‌స్పెక్టరుకు ఇంటికి దొరికే సమయమూ అంతే.

పోయినసారి ఆ లెక్క కట్టింది అక్కయ్యే. అంతకు ముందు నలభై నిమిషాలుండేది, ఆవిడ పన్నెండుకు దించింది. ఫీజు తగ్గిందని ఇళ్ళ యజమానులు దండం పెట్టారు, పై అధికారి మెచ్చుకున్నాడు. ఐదేళ్ళుగా ఆవిడ తలెత్తుకుని తిరిగింది ఆ పన్నెండు మీదే.

ఈసారి లెక్కతో పాటు ఇంకో పనీ అప్పజెప్పారు. ఇన్‌స్పెక్టరు మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. కాగితం మీద పన్నెండు నిమిషాలని రాసి గంటసేపు లోపలే ఉంటున్నాడనీ, అద్దెకున్నవాళ్ళ దగ్గర మేస్తున్నాడనీ అందులో ఉంది. అది నిజమో కాదో ఆవిడ తేల్చాలి. నిజమని తేలితే రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి ఉద్యోగం ఊడుతుంది. అక్కయ్యకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. తనిఖీకి కావలసింది ఒక పెన్నూ ఒక ఫారమూ. ఈయన సంచి చూస్తే భుజం ఒరిగిపోయేంత బరువు. ఖాళీగా తెచ్చి నింపుకుపోతాడనుకుందాం అంటే, వచ్చేటప్పుడే నిండుగా ఉంది. అదీ ఆవిడకు అనుమానంగానే తోచింది.

మొదటి రోజు మొదటి ఇంటి దగ్గర ఆయన, లోపలికి రండమ్మా అన్నాడు. ఇంత మర్యాద దేనికో అనుకుని ఆవిడ గడప దాటలేదు. ఎవరింట్లో మంచినీళ్ళు తాగినా కలం మెత్తబడుతుందని ఆవిడ సిద్ధాంతం. వాచీ చూసుకుంటూ వీధిలోనే నిలబడింది. సరిగ్గా పన్నెండు నిమిషాలకు ఆయన బయటికొచ్చి ఫారం చూపించాడు. తనకు భోజనం వేళయిందనీ, ఆవిడను ఆఫీసుకు వెళ్ళమనీ చెప్పాడు.

ఆవిడ సందు మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. ఆయన మళ్ళీ అదే ఇంట్లోకి పోతున్నాడు. దొరికాడు దొంగ అనుకుంది.

చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా మూడో అంతస్తు దాకా ఎక్కింది. చివరి గది తలుపు ఓరగా వేసి ఉంది. తోసింది. ఇన్‌స్పెక్టరు స్టూలెక్కి, సీలింగుకున్న పొగ అలారానికి కట్టిన మేజోడు ముడి విప్పుతున్నాడు. వంటగదిలో ఎవరు ఏది వేయించినా అది కూస్తోందని కట్టేశారట. రాత్రంతా ఆసుపత్రిలో బట్టలుతికి వచ్చిన, ఆ గదిలో అద్దెకున్న మనిషి దుప్పటి కప్పుకుని, మంచం మీద కూర్చుని ఆవులిస్తున్నాడు. సంచి నోరు తెరుచుకుని ఉంది. అందులో బ్యాటరీలు, మేకులు, తలుపు గొళ్ళేలు, ఒక సుత్తి.

ఈ పని తనిఖీలోనే ఎందుకు చేయలేదని అక్కయ్య నిలదీసింది.

"ఏడు గదులమ్మా. తలుపు తట్టి, నిద్రలో ఉన్నవాళ్ళు లేచి, చొక్కా తొడుక్కుని గడియ తీసేసరికే పన్నెండు నిమిషాలూ అయిపోతాయి. మిగతాది భోజనం వేళలో చేస్తుంటాను."

"పోయినసారి పన్నెండే పట్టింది. రాసింది నేనే."

ఆయన అలారంలో బ్యాటరీ మార్చి, స్టూలు దిగి, చేతులు దులుపుకున్నాడు. "పోయినసారి మీరు ఎంచిన మూడిళ్ళూ ఖాళీవమ్మా."

నిజమే. అద్దెకున్నవాళ్ళుంటే ఆయనతో కుమ్మక్కై మాటలు సాగదీస్తారని, కొత్తగా సున్నం వేసి ఇంకా ఎవరూ దిగని ఇళ్ళను ఏరి మరీ ఎంచింది. ఎంత తెలివిగా ఎంచానో అని ఆ రోజు మొగుడికి కూడా చెప్పుకుంది.

అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన వేసింది కొత్త బ్యాటరీయేనా అని తనే స్టూలెక్కి మీట నొక్కింది. ఇల్లంతా అదిరేలా అలారం కూసింది. దిగి, ఆయనకు ఎంతిచ్చావని ఆ మనిషిని పక్కకు పిలిచి అడిగింది. ఇచ్చేదేముందండీ, బ్యాటరీ కూడా ఆయనదే అన్నాడతను. అక్కయ్యకు సిగ్గేసింది. ఇలాంటి ఇళ్ళలో పనిచేయని అలారాల కింద ఇంకా ఎందరు పడుకుంటున్నారో అనుకుంది. ఈ ఐదేళ్ళూ ఎక్కడా నిప్పంటుకోకపోవడం తన తెలివి కాదు, అదృష్టమని అర్థమైంది.

ఆ నెలంతా పది ఇళ్ళు తిరిగింది, ప్రతి గడపా దాటింది, మంచినీళ్ళు కూడా తాగింది. సగటు యాభై నిమిషాలు వచ్చింది. అదీ, ఇన్‌స్పెక్టరు ఎవరి దగ్గరా పైసా ముట్టలేదనీ రాసి పై అధికారి ముందు పెట్టింది.

ఆయన కాగితం చూసి, ఫీజు నాలుగింతలవుతుందనీ, ఇళ్ళ యజమానులు ఊరుకోరనీ, అద్దెలు పెంచుతారనీ అన్నాడు. అది ఆవిడకూ తెలుసు, నిజమేనని ఒప్పుకుంది. పన్నెండన్నదీ మీరే, యాభై అంటున్నదీ మీరే అని ఆయన కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ ఇన్‌స్పెక్టరు మీకేమైనా ముట్టజెప్పాడా?"

ముప్ఫై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎంతమందిని అడిగిందో ఆవిడకే లెక్క లేదు. లేదన్న ప్రతి ఒక్కరినీ అబద్ధాలకోరనే అనుకుంది. అందుకే లేదు అనడానికి నోరు రాలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం వచ్చాయి.

"రేపు మీరే రండి సార్. ఇల్లు కూడా మీరే ఎంచండి," అంది. "మనుషులున్న ఇల్లు ఎంచండి."

ఆయన కాగితం తిరగేసి, వెనక ఏమైనా రాసి ఉందేమోనని చూశాడు.