జీపు కెమెరాలో అమ్మ గొంతు

పెళ్లి వీడియోలో అసలు శబ్దం ఉంచేవాడికి పని రానట్టే అని నాకు పని నేర్పిన స్టూడియో ఆయన అనేవాడు. బ్యాండు మోత, పంతులు దగ్గు, చుట్టాల కొట్లాట ఎవరికి కావాలి? తీసి పారేసి సినిమా పాట వెయ్యి. జనగామలో అద్దె గదిలో కంప్యూటర్ పెట్టుకొని ఏళ్ల తరబడి నేను అదే చేశాను. సొంత చెల్లెలి పెళ్లికీ అదే చేశాను. పైగా ఆ టేపునే తర్వాతి పెళ్లికి మళ్లీ వాడాను. బుద్ధున్నవాడు చేసే పనేనా అది?

మాది కురవి దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం. ఇక్కడ చెప్పే చెల్లెలి మాటలూ అమ్మ మాటలూ నేను తెలుగులోకి తెచ్చుకున్నవే. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు మా దగ్గర తల్లీ బిడ్డా మెడలు పట్టుకొని, పాట కట్టి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటాం. ఏ తల్లి ఏడుపు ఆ తల్లిదే, అప్పటికప్పుడు నోటికొచ్చిందే. మా అమ్మా అట్లాగే ఏడ్చింది. నాలుగు నెలలకు, వానాకాలంలో జ్వరమొచ్చి మానుకోట దవాఖానలో పోయింది.

దినాలు అయ్యాక చెల్లెలు భూపాలపల్లి నుంచి ఫోన్ చేసింది. ఆమె భర్తది అక్కడ బొగ్గుబాయి పని. పెళ్లి వీడియో పెట్టుకుంటే అమ్మ నోరు కదులుతోందట, వినిపించేది మాత్రం సినిమా పాటట. "అన్నా, అమ్మ ఏడ్చింది ఏడనన్న ఉన్నదా?" అని అడిగింది. వెతుకుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

అప్పుడు జీపు గుర్తొచ్చింది. పెళ్లికూతుర్ని తీసుకెళ్లిన ఆ జీపు దేవరుప్పుల డ్రైవరన్న సొంతం. దుబాయి నుంచి వచ్చిన అతని తమ్ముడు తెచ్చిచ్చిన చిన్న కెమెరా దాని ముందద్దానికి అతికించి ఉండేది. అది రోడ్డును తీస్తుంది, బండిలో మాటల్నీ పట్టుకుంటుంది. కార్డు నిండితే పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఉండదులే అనుకుంటూనే ఫోన్ చేశాను. ఉందన్నాడు. ఆ రోజు మేం రాస్తారోకోలో ఇరుక్కున్నాం. తెలంగాణ కోసం రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మొహాలన్నీ అందులో పడ్డాయని, పోలీసులు అడిగితే ఎట్లా అని, కార్డు పీకి బండిలోని దేవుడి పటం వెనక దాచాడట. "మన పోరగాండ్లను మనమే పట్టిస్తమా?" అన్నాడు. దేవరుప్పుల పోయి ఆ కార్డు తీసుకొని కళ్లకద్దుకున్నాను.

కంప్యూటర్‌లో పెడితే మూడేసి నిమిషాల ముక్కలు కనపడ్డాయి. మా తండాలో జీపు బయల్దేరిన ముక్క పట్టుకున్నాను. బొమ్మ వచ్చింది: మట్టిరోడ్డు, అడ్డంగా పోయే మేకలు. శబ్దం లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో పట్టీ పడుతోంది, కింద ఆడియో పట్టీ ఖాళీ. వేరే ప్లేయర్‌లో పెట్టినా అంతే. స్పీకర్ వైర్లు పీకి మళ్లీ పెట్టాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఫైలును ఇంకో రకంలోకి మారుస్తుంటే సరిగ్గా సగంలో కరెంటు పోయేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కెమెరాను తిట్టాను, దుబాయిని తిట్టాను, కరెంటోళ్లను తిట్టాను. చెల్లెలు మాత్రం రోజూ ఫోన్ చేసి వచ్చిందా అని అడిగేది.

వారం పట్టింది. ఆ కెమెరా శబ్దాన్ని రాసే తీరు నా పాత సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, అంతే సంగతి. హన్మకొండలో కంప్యూటర్లు బాగుచేసే దోస్తు ఒకడు, శబ్దాన్ని మాత్రం విడదీసే ప్రోగ్రాం ఇచ్చాడు. విడదీసి కింది పట్టీలో పెట్టగానే గీతలు లేచాయి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

జీపు తలుపు పడిన చప్పుడు. తర్వాత కిటికీ దగ్గర అమ్మ. నీ తల దువ్విన చెయ్యి రేపటి నుంచి ఏం చెయ్యాలె బిడ్డా, అని ఎత్తుకుంది. పదకొండు సెకన్లు. అంతలో కెమెరా పక్కనే ఇంకో గొంతు, చిరాగ్గా: "ఇగ చాలు, రోడ్డు బంద్ అయితది. అన్నా, పాట పెట్టు. గట్టిగ పెట్టు, పోదాం."

ఆ గొంతు నాది. అట్లా అన్నట్టు నాకు గుర్తే లేదు.

ఆ పైనంతా ఉద్యమం పాట. ఆ రోజుల్లో ఏ బండిలో చూసినా అవే పాటలు. డప్పుల కింద అమ్మ ఉంది. డప్పు ఆగిన చోట ఒక్క అక్షరం తేలి మళ్లీ మునుగుతుంది. పాటను తగ్గిస్తే అమ్మ కూడా తగ్గింది. నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను, విడిపోలేదు.

అంత తొందరపెట్టి బయల్దేరినా నర్సంపేట రాకముందే ఆగిపోయాం. మూడు గంటలు. రోడ్డు మీదే వండి మాకూ విస్తర్లలో అన్నం పెట్టారు. ఇంకో గంట అమ్మను ఏడ్వనిస్తే నా సొమ్మేం పోయేది? బల్ల మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాను.

నా గొంతు మొదలయ్యే చోట కత్తిరించి, ఆ పదకొండు సెకన్లు సీడీ మీద వేసుకొని భూపాలపల్లి బస్సెక్కాను. మిగతాది కెమెరాలో చెడిపోయిందని చెబుదామనుకున్నాను. చెల్లెలు వింటూ కూర్చుంది. అయిపోగానే మళ్లీ పెట్టింది, మళ్లీ పెట్టింది. ఇక ఉండబట్టలేక కెమెరా చెడిపోయిన సంగతి ఎత్తాను.

"చెడిపోలేదన్నా. నువ్వు పాట పెట్టమన్నవ్, నాకు యాదికున్నది" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. "జీపు కదిలినంక అమ్మ ఇంకేందో అన్నది. ఆ పాటల నాకు ఇనవడలే. నీకన్న దొరుకుతదేమోనని అడిగిన."

రిమోట్ తీసుకొని మళ్లీ మొదటికి పెట్టింది.