గంజి పెట్టిన బ్యాటు

మొన్న మా మనవరాలు చాప మీద కూర్చుని, చిన్న గొట్టంలోంచి జిగురు పిండుకుంటూ తన కొత్త టేబుల్ టెన్నిస్ బ్యాటుకు ఎర్ర రబ్బరు అతికిస్తూ ఉంటే, నేనూ ఒకప్పుడు ఇట్లాగే అతికించాననీ, ఆ జిగురు మా అమ్మ పొయ్యి మీద కాచిందేననీ చెప్పాను. నవ్వేసింది. మన ఈడువాళ్ళు మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

మా తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో మాట. ఎమ్మిగనూరులో మాది నేత ఇల్లు. నాయన మగ్గం గుంటలో దిగితే నూలు కండెను మోసుకుంటూ చెక్క నాడె అటూ ఇటూ పరుగెత్తేది. నేనేమో మా వీధి చివర చదువుకునే గదిలో, పొద్దున పత్రికలు పరిచి సాయంత్రం వల కట్టే పెద్ద బల్ల ముందు అటూ ఇటూ పరుగెత్తేవాణ్ణి. ఆ గదిలో నేను చదివిందానికన్నా బాదిందే ఎక్కువ కనుక పరీక్ష రెండుసార్లు తప్పింది, బంతి మాత్రం అంతగా తప్పేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లువారు, తమ క్లబ్బు తరఫున టేబుల్ టెన్నిస్ ఆడేవాడు కావాలనీ, గుంతకల్లు నుంచి వచ్చే ఒక కుర్రవాడితో పోటీ పెడతామనీ, గెలిచినవాడికి గుమాస్తా ఉద్యోగమనీ కబురు పెట్టారు. నాయన నూలు చిక్కు తీస్తూ తలెత్తకుండానే, "చెక్కతో చెండు కొట్టేటోనికి యాడన్నా జీతమిస్తారారా?" అన్నాడు. ఓడితే మర్నాటి నుంచి మగ్గం గుంటలో దిగుతానని మాట ఇచ్చాక గానీ ఒప్పుకోలేదు. తువ్వాళ్ళ మూట ఆదోని అంగడికి చేర్చాల్సి ఉంది గనుక నాతో బస్సెక్కాడే తప్ప, నా ఆట చూడడానికి కాదని దారి పొడవునా రెండు మూడుసార్లు చెప్పాడు.

బయలుదేరే ముందురోజే నా బ్యాటుకు రబ్బరు ఊడింది. అమ్మ అప్పుడే మగ్గానికెక్కే పడుగు నూలుకు పెట్టడానికి గంజి కాస్తోంది. మా వీధిలో గంజి చేయలేని పని లేదు. నూలును నిలబెట్టేది అదే, పండగనాడు చొక్కాను నిలబెట్టేది అదే, ఇంట్లో గింజలు తక్కువైననాడు మమ్మల్ని నిలబెట్టేదీ అదే. చిక్కటి గంజి పూసి, రాయి బరువు పెట్టి వదిలేస్తే, తెల్లారేసరికి రబ్బరు చెక్కను కరుచుకుని ఉంది.

ఆదోని మిల్లులో మూడు ఆటల పోటీ. మొదటి ఆట నేను గెలిచాను, రెండోది గుంతకల్లు కుర్రవాడు గెలిచాడు. పత్తి మిల్లు కదా, గాలి నిండా దూదిపీచే; అది రబ్బరుకు అంటుకుని బంతి జారిపోతోందని, మూడో ఆటకు ముందు తడిగుడ్డతో బ్యాటును శుభ్రంగా తుడిచాను. తడి తగిలితే గంజి కరుగుతుందని నేత ఇంట పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? ఆ ఒక్క ఘడియ నాకు తట్టలేదు, అంతే. రెండు దెబ్బలు కొట్టేసరికి రబ్బరు వాడిన తమలపాకులా వేలాడింది. గుంతకల్లు కుర్రవాడు, "ఏమప్పా, బ్యాటుకు తోలు ఒలుస్తాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం మగ్గం గుంట నోరు తెరుచుకుని కనిపించింది.

అంగడికి పోయినాడనుకున్న నాయన, భుజాన మూటతో వాకిలి దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నాడె కూడా వట్టి చెక్కే గదరా," అన్నాడు, నాకు వినపడేంత గొంతుతో. "పీకి పారేసి ఆడు."

పీకేశాను. వట్టి చెక్క దెబ్బకు బంతి ఏ మెలికా లేకుండా, మా ఇంటి మగ్గం చప్పుడుతో నేరుగా పోయేది. మెలికలకు అలవాటుపడిన ఆ కుర్రవాడు తొందరపడి ముందే బ్యాటు ఊపేసేవాడు. రెండు పాయింట్ల తేడాతో గెలిచాను. మిల్లు మేనేజరు సోమవారం నుంచి రమ్మన్నాక, అప్పుడు దించాడు నాయన భుజం మీది మూటను. ఆట జరిగినంతసేపూ అది అక్కడే ఉంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి మిల్లు బల్ల ముందు కూర్చుని రాసింది తక్కువ, ఇంకో బల్ల ముందు నిలబడి కొట్టింది ఎక్కువ. కర్నూలు, బళ్ళారి, గుంతకల్లు తిరిగాను, కప్పులూ తెచ్చాను. వాటిలో ఒకటి ఇప్పుడు ఇంట్లో పోపు గింజలకు పనికొస్తోంది, నాకేం దిగులు లేదు.

ఇప్పుడు మా పాత వీధిలో గంజి కాచే పొయ్యి ఒక్కటీ లేదు. జిగురు గొట్టంలో దొరుకుతోంది, మంచి జిగురే, తడికి ఊడదు. మనవరాలు పోటీకి పోయేనాడు నేనూ వెంట పోతున్నాను. ఊరికే కూర్చోవచ్చు గానీ, ఎందుకో ఆమె సంచీ నా భుజానికే ఉంటుంది, ఆట అయ్యేదాకా దించబుద్ధి కాదు.